చేతికివ్వని ఉప్పు

మా అత్త పోయిందన్న కబురు నాకు బళ్ళో ఉండగా తెలిసింది. పక్కింటాయన స్కూటరు మీద లాస్‌పేటలో మా బడి దాకా వచ్చి, తరగతి గుమ్మం ముందు చెప్పులు విప్పి నిలబడ్డాడు. బడి గుమ్మం ముందు ఎవరూ చెప్పులు విప్పరు. అది చూడగానే నాకు అర్థమైపోయింది. "టీచరమ్మా, ఇంటికి పోదాం రండి" అన్నాడు. బోర్డు మీద వాక్యం సగంలో ఉంది. సుద్దముక్క బల్ల మీద పెట్టి వచ్చేశాను. ఆయన స్కూటరు వెనక ఎక్కాను. నా మనసులో ఒకటే తిరుగుతోంది. పొద్దున చిప్పలో పెట్టి వచ్చిన ఉప్పు ఆవిడ తీసుకుందా, లేదా?

సారం పేటలో మా ఇంటికి చేరేసరికి ఆవిడని చాప మీద పడుకోబెట్టారు. చేపల తొట్టి ముందు తన పేము కుర్చీలో కూర్చునే పోయిందట. వచ్చినవాళ్ళందరూ ఆవిడ ముఖం చూశారు. నేను మాత్రం ముందు తొట్టి బల్ల మీదున్న కొబ్బరిచిప్ప చూశాను. ఖాళీగా ఉంది. ఆ తర్వాతే ఆవిడ ముఖం చూశాను. ఛీ, ఎవరైనా అలా చూస్తారా అని ఇప్పటికీ నన్ను నేనే తిట్టుకుంటున్నాను.

ఆవిడ ఉప్పు ముట్టుకోకూడదని డాక్టరు చెప్పి చాలా కాలమైంది. ఆ చిప్పలో ఉప్పు పెట్టింది నేను. చేపల కోసమని పెట్టాను. చేపల కోసం కాదని నాకు తెలుసు, ఆవిడకీ తెలుసు. ఈ సంగతి చివరిదాకా దాచిపెట్టి చెప్పేది కాదు. మా అత్త గురించి నేనేం రాసినా ఈ చిప్ప దాటుకుని పోలేను.

మా అత్తవాళ్ళు ఎన్నో తరాలుగా ఈ పుదుచ్చేరి తెలుగువాళ్ళు. ఇంట్లో తెలుగే మాట్లాడతారు, కానీ ఆవిడకి తెలుగు చదవడం రాదు. కాబట్టి ఇది ఆవిడ ఉన్నా చదవలేకపోయేది. నేను యానాం పిల్లని. మా నాన్న ఉద్యోగం మీద ఇక్కడికి బదిలీ అయి వస్తే, డెబ్బైల మొదట్లో ఈ సంబంధం కుదిరింది. కొత్తలో ఆవిడ మాట నాకూ, నా మాట ఆవిడకీ సరిగ్గా అందేది కాదు. "అత్తయ్యగారూ, కూర ఏం చెయ్యమంటారండీ?" అని నేను అడిగితే ఆవిడ వెనక్కి తిరిగి చూసేది.

"ఏమిటండీ చూస్తున్నారు?"

"గారూ, అండీ అంటా ఉంటివే, నా వెనకాల ఎవరన్నా కలెక్టరు వచ్చినాడేమో అని. అత్తా అను చాలు."

అత్తా అనడం నేర్చుకున్నాను గానీ, అండీ మాత్రం నా నోటి నుంచి పోలేదు. అలా "అత్తా... అండీ" అని రెండూ కలిపి పిలిచిన కోడలు పుదుచ్చేరి మొత్తంలో నేనొక్కదాన్నే అయి ఉంటాను.

కాపురానికి వచ్చిన కొత్తలోనే ఇంటికి చుట్టాలొచ్చారు. చేపల పులుసు నన్నే పెట్టమన్నారు. భయంతో నాకు చేతులాడలేదు. పులుసు కుతకుతా ఉడుకుతుంటే అత్త వచ్చి, గిన్నె మీదికి వంగి, ఆవిరి పీల్చి, "ఉప్పు పడలా" అంది.

"రుచి చూడకుండానే ఎలా తెలిసిందండీ?"

"వాసన. ఉప్పు పడిన పులుసు వాసన ఒక మాదిరి, పడనిది ఒక మాదిరి."

ఉప్పుకి వాసనేమిటని లోలోపల నవ్వుకున్నాను. కానీ ఆవిడ చెప్పింది నిజమే, ఆ కంగారులో నేను ఉప్పు వెయ్యలేదు. గబగబా జాడీలోంచి గుప్పెడు రాళ్ళుప్పు తీసి ఆవిడ చేతికివ్వబోయాను. నిప్పు తగిలినట్టు చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ఉప్పు చేతికీకూడదుమే. చేతికిస్తే కొట్లాట వస్తాది. అత్తాకోడళ్ళకి అదొకటి తక్కువా? కింద పెట్టు. నేను తీసుకుంటా."

మా యానాంలోనూ ఈ పట్టింపు ఉంది. తొందర్లో మరిచిపోయాను. గట్టు మీద పెట్టాను, ఆవిడ తీసి పులుసులో వేసింది. చుట్టాలు లొట్టలేసుకుంటూ తింటుంటే "మా కోడలు పెట్టింది" అని చెప్పుకుంది. వాళ్ళు వెళ్ళాక కూడా ఆ మాట ఎత్తి నన్ను దెప్పలేదు. దెప్పే అవకాశం చేతికొచ్చినా వదులుకున్న అత్తని నేను ఇంకెక్కడా చూడలేదు. ఆ రోజు నుంచీ మా మధ్య ఉప్పు ఎప్పుడూ గట్టు మీదుగానే నడిచింది. నేను పెట్టేదాన్ని, ఆవిడ తీసుకునేది. లేకపోతే ఆవిడ పెట్టేది, నేను తీసుకునేదాన్ని.

చేపల తొట్టి మా ఆయన సరదా. మద్రాసు నుంచి ఇనప చట్రంలో గాజుపలకలు బిగించిన తొట్టి ఒకటి, ప్లాస్టిక్ సంచీలో కొన్ని గోల్డ్ ఫిష్‌లు, నల్లటి మోలీ చేపలు బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. దించీ దించగానే అత్త నడుం మీద చేతులేసుకుని చూసింది.

"పులుసుకి పనికిరాని చేపలెందుకురా?"

"చూసేదానికమ్మా."

"చూసేదానికా! చేపని చూసి కడుపు నింపుకునేది నీ దగ్గిరే నేర్చుకోవాల."

మా ఆయన సరదాలకి ఆయుష్షు తక్కువ. నెల తిరక్కుండానే తొట్టి అత్త చేతిలో పడింది. మొదట తిట్టుకుంటూనే మేత వేసింది. తర్వాత కుర్చీ తెచ్చి ఎదురుగా వేసుకుంది. ఇప్పుడంటే అందరిళ్ళలో టీవీలు వచ్చాయి, అప్పట్లో మా వీధిలో ఆడవాళ్ళు సాయంత్రం మా తొట్టి చూడ్డానికి వచ్చేవాళ్ళు. కరెంటు పోయి గాలి మోటారు ఆగిపోతే అత్త చెయ్యి ముంచి నీళ్ళు కలుపుతూ కూర్చునేది. మోలీలు ఆవిడ వేళ్ళ మధ్యనుంచి దూరి పోతుంటే "చక్కిలిగింతలు పెడతా ఉండాయిమే" అని నవ్వేది.

ఒకరోజు గోల్డ్ ఫిష్‌ల ఒంటి మీద రవ్వ చల్లినట్టు తెల్లటి మచ్చలు కనిపించాయి. మా ఆయన తన ఇంగ్లీషు పుస్తకం తీసి, నీళ్ళలో కొంచెం ఉప్పు వెయ్యాలన్నాడు. అత్తకి ఆ మాట ఎంత నచ్చిందో చెప్పలేను. ఆవిడకి ఉప్పంటే ప్రాణం. పచ్చి మామిడికాయకి ఉప్పు, పుచ్చకాయకి ఉప్పు, మజ్జిగలో మళ్ళీ ఉప్పు. ఎండుచేపల్ని ఆవిడ కరువాడు అనేది. అవి వేపితే ఆ రోజు అన్నం రెండింతలు తినేది. అలాంటి మనిషికి చేప జబ్బుకి ఉప్పే మందని చెబితే ఊరుకుంటుందా?

"అత్తా, ఇవి మంచినీళ్ళ చేపలండీ. ఎక్కువ వెయ్యకండి" అన్నాను.

"మంచినీళ్ళంటే చప్పిడి నీళ్ళా? ఒక ఉప్పుకల్లు పడితే వాటికీ నోరు బాగుంటాది."

అక్కడితో ఆగినా బాగుండేది. ఇంత పెద్ద సముద్రాన్ని పక్కన పెట్టుకుని జాడీలో ఉప్పు ఖర్చు చెయ్యడమేమిటని ఆవిడకి తోచింది. నేను బడికి, మా ఆయన ఆఫీసుకి వెళ్ళాక, రిక్షా కట్టించుకుని బీచికి వెళ్ళి, ఇత్తడి బిందెతో సముద్రపు నీళ్ళు తెచ్చి తొట్టిలో కుమ్మరించింది. ఈ ఊళ్ళో పుట్టి పెరిగిన మనిషికి తప్ప అలాంటి ఆలోచన ఇంకెవరికీ రాదు. సాయంత్రం మేం వచ్చేసరికి మోలీలు తిరుగుతున్నాయి గానీ, గోల్డ్ ఫిష్‌లలో రెండు వెల్లకిలా తేలుతున్నాయి. మా ఆయన నెత్తి కొట్టుకుంటూ తొట్టి సగం ఖాళీ చేసి మంచినీళ్ళు పోశాడు. అత్త చచ్చిన చేపల్ని తనే బయటికి తీసింది. ఆ రెండింటినీ కాగితంలో చుట్టి పెరట్లో కొబ్బరిచెట్టు మొదట్లో పాతిపెట్టింది. ఆ రాత్రి వండిన చేపలకూర ముట్టుకోలేదు.

"మీరు మంచి చేద్దామనే కదండీ చేశారు" అన్నాను.

"వాటికి తెలుస్తాదా అది?" అంది. మళ్ళీ తనే, "పావం చేసేసి కూర్చుని ఏడిస్తే ఏం వస్తాది? మిగిలిండేవాటిని చూసుకోవాల" అని లేచి వెళ్ళింది.

అప్పటినుంచీ తొట్టి పని ఎంత శ్రద్ధగా చేసేదో. ఆదివారం ఆదివారం రబ్బరు గొట్టంతో కొంచెం నీళ్ళు తీసేసేది. తీసిన నీళ్ళు కొబ్బరిచెట్టుకి పోసేది. "కొబ్బరికీ ఉప్పు కావాల, నా మాదిరే" అనేది. కొబ్బరిచిప్పలో కొలిచిన ఉప్పుని చెంబులో వేసి, అరచేత్తో గిరగిరా తిప్పి పూర్తిగా కరిగించేది. కల్లు కల్లుగా వేస్తే చేప ఒంటికి మంట పెడుతుందని ఆవిడ భయం. కరిగిన నీళ్ళని తొట్టి మూలన గాజుపలక వెంబడి సన్నగా పోసేది. పొయ్యడం అయ్యేదాకా ఊపిరి బిగబట్టి నిలబడేది.

ఒక విషయం మాత్రం ఆవిడకి చాలాకాలం ఒంటపట్టలేదు. ఎండాకాలం నీళ్ళు తగ్గితే, పోసిన నీళ్ళతోపాటు మళ్ళీ ఉప్పూ వేసేది. నీటిమొక్కలన్నీ కుళ్ళిపోయాయి. ఇనప చట్రం తుప్పు పట్టి గోడ మీద మరకలు పడ్డాయి. చివరికి మా ఆయన కూర్చోబెట్టి చెప్పాడు.

"అమ్మా, తగ్గింది నీళ్ళు మాత్రమే. ఉప్పు యాడికీ పోదు. ఆడనే ఉంటాది. ఉత్త నీళ్ళు పోస్తే చాలు."

"అట్నా. నీళ్ళు పోతాయి, ఉప్పు పోదా" అని కొత్త సంగతి విన్నట్టు చాలాసేపు తొట్టినే చూసింది.

పందొమ్మిదివందల ఎనభైలలోకి వచ్చాక ఆవిడ పాదాలు వాచడం మొదలైంది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. డాక్టరు దగ్గరికి తీసుకెళితే గుండె నీరసించిందన్నాడు. ఉప్పు ఒంట్లో నీటిని పట్టి ఉంచుతుంది, కాబట్టి ఉప్పు పూర్తిగా మానెయ్యాలి, ఊరగాయ, అప్పడం, ఎండుచేప, ఏదీ కూడదన్నాడు. రిక్షాలో తిరిగి వస్తుంటే అత్త నవ్వుతూనే అంది, "మన తొట్టి మాదిరే గదా నా ఒళ్ళు. చట్రం తుప్పు పట్టిండాది."

నాకు నవ్వు రాలేదు. కాపలా పని ఎవరి మీద పడుతుందో నాకప్పుడే తెలిసిపోయింది. మా ఆయన "డాక్టరు చెప్పినాడు గదా. నువ్వే చూసుకోవాల" అని చేతులు దులుపుకున్నాడు. ఎంత తేలిక! కొడుకు పక్కన కూర్చుని "తినమ్మా" అంటాడు, కోడలు ఉప్పు జాడీ తాళమేస్తుంది. కొడుకు బంగారం, కోడలు గయ్యాళి. వీధి కొళాయి దగ్గర "పావం ముసలిదానికి ఉప్పు కూడా పెట్టదంట" అనుకోవడం నా చెవులతో నేనే విన్నాను.

రోజూ రెండు గిన్నెల్లో వండేదాన్ని. మాకొకటి, ఆవిడకి చప్పిడిది ఒకటి. నా చేతికి అదే అలవాటైపోయింది. ఆవిడ వంతు వండేటప్పుడు చెయ్యి దానంతటదే ఉప్పుజాడీ వైపు పోవడం మానేసింది. ఆవిడ గిన్నె మీదికి వంగి వాసన చూడడం కూడా మానేసింది. చూసి ఏం లాభం? పప్పు నోట్లో పెట్టుకుని, "ఇది పప్పా, గోడకి పూసే మన్నా?" అనేది. రెండు ముద్దలు తిని కంచం జరిపేసేది. "కొంజెం ఉప్పుమే. ఒకే ఒక కల్లు" అని చిన్నపిల్లలా వేళ్ళు చూపించేది. నేను తల అడ్డంగా ఊపేదాన్ని. వంటింట్లో ఎక్కడ దాచినా కనిపెడుతోందని జాడీ తీసుకెళ్ళి నా చీరల బీరువాలో పెట్టి తాళం వేశాను. వానాకాలం. ఉప్పు చెమ్మగిల్లి కారి, నా పెళ్ళి పట్టుచీర తడిసి ముద్దయింది. అది ఎండేస్తుంటే అత్త చూసింది. ఎన్నో వారాల తర్వాత పగలబడి నవ్వింది.

"ఏమ్మే, పట్టుచీరని ఊరగాయ పెట్టినావా?"

నేనూ నవ్వాను. కానీ ఆ నవ్వుతున్న మనిషి బుగ్గలు ఎంత లోపలికి పోయాయో అప్పుడే చూశాను. పాదాల వాపు తగ్గింది, నిజమే. దాంతోపాటు మనిషీ తగ్గిపోయింది.

ఆదివారాలు చేపలకి ఉప్పు మాత్రం ఇవ్వక తప్పదు కదా. కొలిచి చిప్పలో వేసి తొట్టి బల్ల మీద పెట్టేదాన్ని. నీళ్ళు మార్చడం ఆవిడకి మిగిలిన ఒకే ఒక్క పని, దాన్ని కూడా లాక్కోవడానికి నాకు మనసొప్పలేదు. కొన్నాళ్ళు బాగానే నడిచింది. తర్వాత ఒకరోజు ముసలి గోల్డ్ ఫిష్ తోక మీద రవ్వలాంటి మచ్చలు కనిపించాయి. రెండు రోజులకి మోలీల మీద కూడా.

"అత్తా, చేపలకి మచ్చలొచ్చాయండీ" అన్నాను.

"అట్నా. పావం."

"ఉప్పు వేస్తున్నారా?"

"వేస్తా ఉండానే."

ఇద్దరం తొట్టినే చూస్తూ నిలబడ్డాం. ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. ఆవిడ కుర్చీలో కూలబడి, మెల్లగా, ఏ కోపమూ లేకుండా అడిగింది.

"చేపకి ఒంట్లో బాగలేకుంటే ఉప్పు పెడతావు. నాకు బాగలేకుంటే ఉప్పు తీసేస్తావు. ఈ ఇంట్లో నేను చేపకన్నా ఏం తప్పు చేస్తిని, చెప్పు?"

డాక్టరు చెప్పిందంతా నాకు నోటికి వచ్చు. బళ్ళో పిల్లలు ఎలాంటి ప్రశ్న వేసినా తడుముకోకుండా జవాబు చెప్తాను. ఆవిడ ప్రశ్నకి మాత్రం వీపు తిప్పాను. వంటింట్లోకి వెళ్ళిపోయాను.

మరుసటి ఆదివారం చిప్పలో ఉప్పు ఎప్పటిలాగే పెట్టాను. పెట్టి, వంటింట్లోకి వచ్చి, కడిగిన గిన్నెల్నే మళ్ళీ తోముతూ కూర్చున్నాను. మధ్యాహ్నం ఆవిడ కునుకు తీస్తుండగా చెంబులో వేరే ఉప్పు కరిగించి నేనే తొట్టిలో పోశాను, గాజుపలక వెంబడి, ఊపిరి బిగబట్టి. అలా కొన్ని వారాలు. చేపల మచ్చలు పోయాయి. అత్త తొట్టి ముందు కూర్చుని, "చూసినావా, నా ఉప్పుకి ఎట్ట తేరుకున్నాయో" అంది. "అవునండీ" అన్నాను. ఇద్దరం నవ్వుకోలేదు గానీ, నవ్వు ఆపుకున్నామని ఇద్దరికీ తెలుసు.

ఆదివారం మాత్రమే పెట్టే ఉప్పు మెల్లగా గురువారం కూడా అయింది. ఆ తర్వాత రోజూ. చేపలకి రోజూ ఉప్పేమిటని మా ఆయన అడిగితే ఏం చెప్పేదాన్నో తెలియదు, ఆయన తొట్టి వైపు చూసి ఎన్నాళ్ళయిందో! ఆవిడ మళ్ళీ కంచం ఖాళీ చెయ్యడం మొదలుపెట్టింది. వీధిలో ఆడవాళ్ళతో మళ్ళీ వేళాకోళాలు. ఆ బుగ్గలు మళ్ళీ నిండుతుంటే నాకెంత సంతోషంగా ఉండేదో, సాయంత్రం పాదాలు చూస్తే అంత భయమేసేది. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయేది. మానిపించాలని ప్రతి ఉదయం అనుకునేదాన్ని. ఆవిడ అన్నం తినడం చూసి, రేపు చూద్దాంలే అనుకునేదాన్ని.

డాక్టరు ఒకసారి పాదాలు నొక్కి చూసి నన్నడిగాడు, "ఉప్పు పెట్టడం లేదు కదమ్మా?"

"నా చేత్తో ఇవ్వలేదండీ" అన్నాను.

అత్త పైన ఫ్యాను వైపు చూస్తూ కూర్చుంది. తిరిగి వచ్చేటప్పుడు రిక్షాలో నా చేతి మీద చెయ్యి వేసింది. ఇల్లు వచ్చేదాకా తియ్యలేదు. అలా అబద్ధం కాని అబద్ధం చెప్పే తెలివి నాకెక్కడినుంచి వచ్చిందా అని ఇప్పుడు అసహ్యమేస్తుంది.

పోయాక చూడ్డానికి వచ్చిన ప్రతి ఒక్కరికీ మా ఆయన ఒకటే చెప్పాడు. "చివరిదాకా పత్యం తప్పలేదు. మా ఆవిడ కంటికి రెప్ప మాదిరి చూసుకునింది." నేను తల వంచుకుంటే దుఃఖం అనుకున్నారు. ఉండబట్టలేక డాక్టరు దగ్గరికి ఒక్కదాన్నే వెళ్ళి, "ఉప్పు వల్లేమైనా..." అని నసిగాను. ఆయన నా మాట పూర్తి కానివ్వలేదు. "అదేం మాట? ఉప్పు తిని ఉంటే ఎప్పుడో పోయేవారు. మీరు చూసుకున్నారు కాబట్టే ఇన్నాళ్ళున్నారు" అని ఓదార్చాడు. అంతకన్నా చెంప మీద కొట్టినా బాగుండేది. ఆవిడ తిన్నదనీ, నేను పెట్టాననీ చెప్పే ధైర్యం చాలక, దణ్ణం పెట్టి వచ్చేశాను.

ఇది అచ్చయితే మా ఆయనకి నేనే చదివి వినిపించాలి. ఆయనకీ తెలుగు అక్షరాలు అంతంత మాత్రమే. ఏదో ఒక పేరా దగ్గర నా గొంతు ఆగుతుంది, అది ఏ పేరానో నాకు తెలుసు.

పెట్టినందుకు కుమిలిపోతున్నానా అంటే అదొక్కటే కాదు. మానిపించిన రోజులు గుర్తొస్తే అంతకన్నా ఎక్కువ బాధ. ఒక కల్లు కోసం వేలు చూపించిన ఆ చెయ్యి గుర్తొస్తుంది. పెట్టకుండా ఏడిపించాను, పెట్టి పోగొట్టుకున్నాను. ఏది తప్పో ఎవరైనా చెబితే, కనీసం ఆ ఒక్కదానికే ఏడ్చి ఊరుకుంటాను.

కర్మ రోజు పోయినవాళ్ళకి ఇష్టమైనవన్నీ వండి, ఫొటో ముందు ఆకు వేసి వడ్డిస్తారు. వడ్డించేదాకా ఎవరూ రుచి చూడకూడదు, ఎంగిలవుతుంది. వంట నేనే చేస్తానని పట్టుబట్టాను. విళుపురం నుంచి వచ్చిన మా ఆడబిడ్డ సాయం చేస్తానన్నా ఒప్పుకోలేదు. పప్పు, వంకాయ కూర, ఆవిడకి ప్రాణమైన చేపల పులుసు. పొద్దున్నే లేచి, తలస్నానం చేసి, ఒక్కొక్కటీ ఆవిడ కోసమే, ఆవిడ కోసమే అనుకుంటూ వండాను. ఆవిడ ఫొటో తొట్టి పక్కనే పెట్టాం. ఆకు వేసి, అన్నీ వడ్డించి, కర్పూరం వెలిగించి మొక్కాం. తర్వాత అందరం వరసగా కూర్చున్నాం.

మా ఆడబిడ్డ పులుసు కలిపి మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయింది. నా వైపు చూసింది.

"వదినా... ఉప్పు?"

పప్పు చూశాను. లేదు. కూర చూశాను. లేదు. దేనిలోనూ ఒక్క కల్లు లేదు. ఆవిడ కోసం అనుకుంటూ వండాను కదా, నా చెయ్యి ఆవిడకి ఎలా వండడం నేర్చుకుందో అలాగే వండింది. పోయిన మనిషికి కూడా చప్పిడి కూడే పెట్టాను. గిన్నె మీదికి వంగి, రుచి చూడకుండానే "ఉప్పు పడలా" అని చెప్పగలిగిన మనిషి ఈ ఇంట్లో ఒక్కతే. ఆవిడ ఫొటోలో ఉంది.

నేను అంతమందిలో బావురుమన్నాను. ఎవరెవరో ఏదో అంటున్నారు. మా ఆయన "పరవాలే, ఏమైపోయింది ఇప్పుడు, పరవాలే" అంటూ లేచాడు. మా ఆడబిడ్డ వంటింట్లోకి వెళ్ళి జాడీ తెచ్చి, నా చేతికివ్వకుండా నా ముందు నేల మీద పెట్టింది. వాళ్ళమ్మ నేర్పినదే.

ఆవిడ మాటే గుర్తొచ్చింది, కూర్చుని ఏడిస్తే ఏం వస్తుందని. లేచాను. కొబ్బరిచిప్ప కడిగి తుడిచాను. గుప్పెడు ఉప్పు తీసి అందులో పోశాను. ఈసారి కొలవలేదు. ఫొటోకీ తొట్టికీ మధ్య, ఎప్పుడూ పెట్టే చోట, బల్ల మీద పెట్టాను. పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా వంటింట్లోకి వచ్చేశాను. చిప్పలోంచి ఆవిడ తీసుకునేటప్పుడు నేనెప్పుడూ చూడలేదు కదా. కొళాయి తిప్పి, కడిగిన గిన్నెల్నే మళ్ళీ తోమాను.

సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక చూస్తే, ఈ ఊరి గాలికి చిప్పలో ఉప్పు చెమర్చి, అడుగున కాసిని నీళ్ళు ఊరాయి. గాజుకి అవతల మోలీలన్నీ ఆ మూలకే చేరి, చెంబు పట్టుకున్న చెయ్యి ఎప్పుడు వస్తుందా అని పైకి చూస్తున్నాయి.